ఆర్‌లో ఎర్రర్ రాదు, ఆన్సర్ మాత్రం తప్పు: ముందు ఎంటర్ ఎక్కడ కొట్టారో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వరికి ఎకరాకు నికర ఆదాయం లెక్కేసే ఫంక్షన్ (పేరు పెట్టి దాచుకుని, కావాల్సినప్పుడు పిలిచే కోడ్ ముక్క) ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ఎర్రర్ ఏమీ లేదు, కానీ ఖర్చులు తీసేయకుండానే 60500 ఇస్తోంది, చేత్తో లెక్కేస్తే 35000 రావాలి. రెండో ప్రశ్న, ఇంకో ఫంక్షన్ లోపల చక్కగా నడుస్తున్న ఇఫ్-ఎల్స్‌ని సెలెక్ట్ చేసి విడిగా రన్ చేస్తే ఎల్స్ దగ్గర ఎర్రర్ కొడుతోంది. మూడోది, మండలాల పేర్లు తెలుగులో ఉన్న పొడవాటి లైన్ కన్సోల్‌లో (కమాండ్ కొట్టగానే జవాబు చూపించే విండో) పేస్ట్ చేస్తే ప్లస్ గుర్తు దగ్గర ఆగిపోతోంది. మొదటి రెండింటికీ కారణం ఒకటే, మూడోదానికి రెండు కారణాలు ఉండొచ్చు.

ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి ఆర్ పదాలు కూడా తెలుగు లిపిలోనే పెడుతున్నా, టైప్ చేసేటప్పుడు ఫంక్షన్, ఇఫ్, ఎల్స్, రిటర్న్ లాంటివన్నీ మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో వేసుకోండి.

మీ ఫంక్షన్ బాడీలో, అంటే దాని లోపలి కోడ్‌లో, ఉన్నవి ఈ మూడు లైన్లే:

నికరం <- దిగుబడి * ధర + గడ్డి
         - విత్తనాలు - ఎరువులు - కూలీ
నికరం

చూడ్డానికి ఏ తప్పూ లేదు. రెండో లైన్ మొదటి లైన్‌కి కొనసాగింపే అని మనకి అర్థమవుతుంది, ఎందుకంటే లోపలికి జరిపి రాశారు, పైగా మైనస్‌తో మొదలైంది. ఆర్‌కి మాత్రం ఆ ఖాళీ జాగాతో పనే లేదు. పైథాన్‌లో ఇలా అకారణంగా లోపలికి జరిపితే ఇండెంటేషన్ ఎర్రర్ అని అక్కడే ఆపేస్తుంది, ఆర్‌లో ఇండెంటేషన్ కేవలం మన కళ్ల కోసమే. ఆర్ చూసేది ఒక్కటే: లైన్ చివరికి వచ్చేసరికి అప్పటిదాకా చదివినది ఒక పూర్తి వాక్యంగా నిలబడుతుందా లేదా? నిలబడితే అక్కడితో అయిపోయినట్టే, కింది లైన్ కొత్త వాక్యం. నిలబడకపోతే ఇంకా ఏదో రావాలని కింది లైన్‌లోకి వెళ్తుంది.

మొదటి లైన్ "గడ్డి" దగ్గర ముగిసింది. దిగుబడి ఇంటూ ధర ప్లస్ గడ్డి, ఇందులో లోటేమీ లేదు. 25 క్వింటాళ్లు, 2300 ధర, 3000 గడ్డి, మొత్తం 60500 నికరంలోకి వెళ్లిపోయింది. తర్వాత రెండో లైన్ దానంతటది ఇంకో పూర్తి వాక్యం. ఒక సంఖ్య ముందు మైనస్ పెడితే అది రుణ సంఖ్య అని ఆర్‌కి తెలుసు కాబట్టి 1500, 6000, 18000 అన్నీ కలిపి మైనస్ 25500 అని లెక్కేసింది, ఎక్కడా దాచుకోమని మీరు చెప్పలేదు కాబట్టి వదిలేసింది. మూడో లైన్ నికరం అడిగింది, 60500 ఇచ్చింది. ఆర్ దృష్టిలో మీరు చెప్పిన ప్రతి పనీ చేసింది.

ఇదే రెండు లైన్లని ఫంక్షన్ బయట కన్సోల్‌లో కొట్టి ఉంటే మైనస్ 25500 అని తెరమీద కనిపించేది, ఇదేంటని మీకు అప్పుడే అనుమానం వచ్చేది. ఫంక్షన్ లోపల మధ్యలో వచ్చిన విలువలు తెరమీదికి రావు, చివరి వాక్యం విలువ ఒక్కటే బయటికి వస్తుంది. అందుకే ఈ తప్పు ఫంక్షన్లలోనే ఎక్కువ కాలం దాక్కుంటుంది. ఇంకో సంగతి, మీరు మూడో లైన్‌లో "నికరం" అని రాయకుండా ఫంక్షన్ ముగించి ఉంటే ఆన్సర్ 60500 కాదు, మైనస్ 25500 వచ్చేది, ఎందుకంటే అప్పుడు చివరి వాక్యం ఆ ఖర్చుల లైనే. ఒకే తప్పు, రెండు వేర్వేరు తప్పుడు ఆన్సర్లు. ఎవరైనా "నా ఫంక్షన్ మొత్తం లెక్కలో చివరి ముక్క మాత్రమే ఇస్తోంది" అంటే నేను మొదట అడిగేది లైన్ మొదట్లో ప్లస్ గానీ మైనస్ గానీ ఉందా అనే.

సరిచేయడం తేలికే. మైనస్‌ని కింది లైన్ మొదట్లోంచి తీసి పై లైన్ చివర పెట్టండి:

నికరం <- దిగుబడి * ధర + గడ్డి -
         విత్తనాలు - ఎరువులు - కూలీ

ఇప్పుడు మొదటి లైన్ మైనస్‌తో ఆగింది, మైనస్ తర్వాత ఏదో ఒకటి రావాల్సిందే, కాబట్టి ఆర్ కింది లైన్ చదివి తీరుతుంది. లేదంటే మొత్తం లెక్కని మామూలు బ్రాకెట్లో పెట్టేయండి. బ్రాకెట్ తెరిచి ఉన్నంతసేపు, అది గుండ్రటిదైనా స్క్వేర్ అయినా, ఎంటర్లని ఆర్ పట్టించుకోదు, కాబట్టి లైన్ మొదట్లో మైనస్ ఉన్నా ఫరవాలేదు. లెక్కలు రాసేటప్పుడు గుర్తు లైన్ మొదట్లో ఉంటేనే చదవడానికి బాగుంటుందని కొందరు అంటారు, అందులో నిజముంది, అలాంటి వాళ్లకి బ్రాకెట్ పద్ధతే మంచిది. కానీ బ్రాకెట్ పెట్టడం ఒక్కరోజు మర్చిపోయినా మళ్లీ ఇదే కథ, అందుకే నేను గుర్తుని లైన్ చివరే పెడతాను.

సీ, జావా నుంచి వచ్చినవాళ్లు లైన్ చివర సెమికోలన్ పెడితే సరిపోతుందేమో అనుకుంటారు. ఆర్‌లో సెమికోలన్ ఉంది, ఒకే లైన్‌లో రెండు వాక్యాలు రాయడానికి పనికొస్తుంది, అంతే. అది లేకపోయినా వాక్యం ముగుస్తూనే ఉంటుంది. అలాగే పైథాన్‌లో లైన్ చివర బ్యాక్‌స్లాష్ పెట్టి కొనసాగించినట్టు ఇక్కడ కుదరదు, ఆర్‌లో కొనసాగింపు గుర్తు అంటూ ఏదీ లేదు.

ఎందుకిలా చేశారంటే, ఆర్ కూర్చుని టైప్ చేస్తూ జవాబు చూసుకునేలా తయారైన భాష. బెల్ ల్యాబ్స్‌లో జాన్ చేంబర్స్ వాళ్లు చేసిన ఎస్ భాష దారిలోనే ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీన్ని రాశారు. మీరు ఎంటర్ కొట్టగానే జవాబు రావాలి, కింది లైన్‌లో మీరు ఏం కొట్టబోతున్నారో దానికి తెలిసే వీలు లేదు. అందుకే అప్పటిదాకా ఉన్నది పూర్తయితే వెంటనే నడిపేస్తుంది.

మీ రెండో ప్రశ్న దీన్నించే వస్తుంది. మీ కోడ్ ఇలా ఉంది:

ఇఫ్ (నికరం > 0) {
  "లాభం"
}
ఎల్స్ {
  "నష్టం"
}

ఫ్లవర్ బ్రాకెట్ మూసిన లైన్ దగ్గరికి వచ్చేసరికి ఇఫ్ వాక్యం పూర్తయింది, ఎల్స్ లేని ఇఫ్ కూడా సరైన వాక్యమే కదా. కన్సోల్‌లో అయితే అక్కడికక్కడే నడిపేసి "లాభం" అని కూడా చూపిస్తుంది, ఆ తర్వాత కొత్త వాక్యం ఎల్స్‌తో మొదలైతే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎల్స్" అంటుంది. ఎల్స్‌తో మొదలయ్యే వాక్యం ఏదీ ఆర్‌లో లేదు. మరి ఫంక్షన్ లోపల ఎందుకు నడిచింది? అక్కడ బయటి ఫ్లవర్ బ్రాకెట్ ఇంకా తెరిచే ఉంది. వాక్యాన్ని వెంటనే నడిపేయాల్సిన తొందర లేదు, మొత్తం బాడీ మూసేదాకా ఎలాగూ చదవాలి, కాబట్టి ఇఫ్ ముగిశాక కింది లైన్‌లో ఎల్స్ ఉందేమో తొంగి చూసి, ఉంటే కలుపుకుంటుంది. ఈ వెసులుబాటు ఎల్స్‌కి మాత్రమే, ఫ్లవర్ బ్రాకెట్ల లోపల ప్లస్‌లకీ మైనస్‌లకీ అది లేదు, మీ మొదటి ఫంక్షన్ దెబ్బతిన్నది అందుకే.

అంటే మీ ఫంక్షన్‌లో తప్పులేదు, కానీ అలా రాసే అలవాటు మానుకోండి. మూసే ఫ్లవర్ బ్రాకెట్, ఎల్స్, తెరిచే ఫ్లవర్ బ్రాకెట్, మూడూ ఒకే లైన్‌లో ఉండాలి. అప్పుడు లోపలా నడుస్తుంది, బయటా నడుస్తుంది, డీబగ్ చేసేటప్పుడు ముక్క సెలెక్ట్ చేసి రన్ చేసినా నడుస్తుంది. ఆర్‌లో కంట్రోల్ అనే హెల్ప్ పేజీ ఉంది, ఇఫ్, ఫర్, వైల్ అన్నీ అందులోనే, ఈ ఎల్స్ సంగతి అక్కడ స్పష్టంగా హెచ్చరించి మరీ రాశారు.

ఫ్లవర్ బ్రాకెట్ తెరవడం విషయంలో మాత్రం టెన్షన్ వద్దు. ఫంక్షన్ బ్రాకెట్లు మూసి కింది లైన్‌లో ఫ్లవర్ బ్రాకెట్ తెరిచినా, ఇఫ్ కండిషన్ తర్వాత కింది లైన్‌లో తెరిచినా ఆర్ ఒప్పుకుంటుంది, ఎందుకంటే బాడీ లేని ఫంక్షన్ అసంపూర్ణమే. కానీ ఈ సౌకర్యమే ఇంకో చోట ముంచుతుంది. ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టడం మర్చిపోయారనుకోండి:

సగటు_ధర <- ఫంక్షన్(మొత్తం, బరువు)
  ఫలితం <- మొత్తం / బరువు
  రౌండ్(ఫలితం, 2)

బాడీ కోసం చూస్తున్న ఆర్‌కి రెండో లైన్ దొరికింది, అదే బాడీ అనుకుని ఫంక్షన్ ముగించేసింది. మూడో లైన్ ఫంక్షన్ బయట, అప్పటికప్పుడు నడుస్తుంది, "ఆబ్జెక్ట్ ఫలితం నాట్ ఫౌండ్" అంటుంది. ఈ ఎర్రర్ వస్తే మీ అదృష్టం. అంతకుముందు పనిలో ఫలితం అనే పేరుతోనే ఏదో దాచి ఉంటే ఎర్రర్ కూడా రాదు, ఆ పాత విలువని రౌండ్ చేసి చూపిస్తుంది. తర్వాత మీరు ఫంక్షన్‌ని పిలిస్తే తెరమీద ఏమీ కనిపించదు, ఎందుకంటే దాని బాడీ ఒట్టి అసైన్‌మెంట్ (విలువని ఒక పేరులో దాచడం), అసైన్‌మెంట్ విలువ కనపడకుండా బయటికి వస్తుంది. "ఫంక్షన్ పిలిస్తే ఏమీ రావట్లేదు" అనే ప్రశ్నల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది. ఫర్ లూప్‌కీ ఇఫ్‌కీ ఇదే వర్తిస్తుంది, ఫ్లవర్ బ్రాకెట్లు లేకపోతే ఒక్క వాక్యమే లోపలిది, మీరు ఎంత లోపలికి జరిపి రాసినా రెండోది బయటిదే.

రిటర్న్ గురించి కూడా చెప్పాలి, ఇది అరుదే గానీ దొరికిందంటే గంటలు తినేస్తుంది. రిటర్న్ అనేది ఆర్‌లో ఫంక్షన్ లాగా పిలిచేది, దాని పక్కన బ్రాకెట్ అదే లైన్‌లో ఉండాలి. రిటర్న్ అని రాసి ఎంటర్ కొట్టి కింది లైన్‌లో బ్రాకెట్లో విలువ రాస్తే, మొదటి లైన్‌లో ఆ ఫంక్షన్ పేరు తలచుకున్నట్టే తప్ప పిలిచినట్టు కాదు, రెండో లైన్ బ్రాకెట్లో ఉన్న ఒట్టి విలువ. ఫంక్షన్ చివర అయితే ఆ విలువే చివరి వాక్యం కాబట్టి ఆన్సర్ సరిగ్గానే వచ్చి మిమ్మల్ని నమ్మిస్తుంది. మధ్యలో, "బరువు సున్నా అయితే ఇక్కడే ఆగిపో" అని పెట్టిన చోట మాత్రం ఆగదు, కింది కోడ్ అంతా నడిచేస్తుంది. ఇది ఏ ఫంక్షన్‌కైనా అంతే. మీన్ అని రాసి కింది లైన్‌లో బ్రాకెట్ తెరిస్తే సగటు రాదు.

ఇంకో చిక్కు మోడల్ ఫార్ములాలతో. రిగ్రెషన్ మోడల్ వేసే ఎల్ఎమ్ ఫంక్షన్ బ్రాకెట్ల లోపల దిగుబడి ~ వర్షం అని రాసి, కింది లైన్‌ని + ఎరువు అని మొదలుపెట్టినా బాగానే నడుస్తుంది, బ్రాకెట్ తెరిచి ఉంది కదా. అదే ఫార్ములాని "కొంచెం శుభ్రంగా ఉంటుంది" అని బయటికి తీసి ఒక వేరియబుల్‌లో పెట్టారో, ఎరువు ఫార్ములాలోంచి జారిపోతుంది. చాలాసార్లు ఎరువు అనేది డేటాలో కాలమ్ మాత్రమే కాబట్టి "ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్" వచ్చి పట్టిస్తుంది. ఆ పేరుతో బయట కూడా ఏదైనా ఉంటే, రిగ్రెషన్‌లో ఒక వేరియబుల్ లేకుండా రిజల్ట్స్ టేబుల్ థీసిస్‌లోకి వెళ్లిపోతుంది. కోడ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు చుట్టూ ఉన్న బ్రాకెట్ పోయిందేమో చూసుకోండి అనేది అందుకే. దీనికి ఎదురు కూడా ఉంది: ఒక్కో విలువ మీదా ఫంక్షన్‌ని నడిపే సాప్లై బ్రాకెట్ లోపల చిన్న ఫంక్షన్ రాసి ఫ్లవర్ బ్రాకెట్ తెరిస్తే, బయట గుండ్రటి బ్రాకెట్ ఉన్నా సరే, లోపల ఎంటర్లకి మళ్లీ విలువ వచ్చేస్తుంది. అన్నిటికంటే లోపల తెరిచి ఉన్న బ్రాకెట్ ఏదో దాని మాటే చెల్లుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా చప్పుడు చేయని తప్పులు. అరిచి చెప్పేవి తేలిక. లైన్ మొదట్లో స్టార్, స్లాష్, రెండు ఆంపర్‌సాండ్లు, డబుల్ ఈక్వల్, డాలర్ లాంటివి ఉంటే వాటికి ముందు ఏదో ఉండి తీరాలి కాబట్టి "అన్‌ఎక్స్‌పెక్టెడ్" అని ఆ గుర్తునే చూపిస్తుంది. పైప్ (ఒక ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కి అందించే గుర్తు) కూడా అంతే: మాగ్రిటర్ పైప్ %>% లైన్ మొదట్లో ఉంటే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్పెషల్" అంటుంది, 2021లో ఆర్ 4.1.0తో వచ్చిన |> పైప్ అయితే దాన్నే పేరు పెట్టి చెబుతుంది. గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలో ప్లస్‌ని కింది లైన్ మొదట్లో పెడితే పాత వెర్షన్లు "ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ టు యూనరీ ఆపరేటర్" అనేవి, ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇప్పటి వెర్షన్లు ప్లస్‌ని పొరపాటున కొత్త లైన్‌లో పెట్టారా అని నేరుగా అడుగుతాయి. పట్టికల కోసం డేటా.టేబుల్ ప్యాకేజీ వాడేవాళ్లు ఒక స్క్వేర్ బ్రాకెట్ మూసి, కింది లైన్‌లో ఇంకోటి తెరిస్తే ఎర్రరే, ][ రెండూ ఒకే లైన్‌లో అతుక్కుని ఉండాలి.

అయితే ఈ అరిచే ఎర్రర్లలో ఒక ప్రమాదం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఫంక్షన్ మధ్యలో సింటాక్స్ ఎర్రర్ వస్తే ఆ ఫంక్షన్ అసలు తయారే కాదు. అంటే మీరు పొద్దున రన్ చేసిన పాత వెర్షన్ మెమరీలో అలాగే ఉంటుంది. మీరు ఎర్రర్‌ని సరిగ్గా చూడకుండా ఫంక్షన్‌ని పిలుస్తారు, పాత ఆన్సరే వస్తుంది, "మార్చినా ఏమీ మారట్లేదే" అని కోడ్‌ని ఇంకా కెలుకుతారు. పైగా కన్సోల్‌లో పేస్ట్ చేసినప్పుడు ఎర్రర్ దగ్గర ఫంక్షన్ తెగిపోయి, మిగిలిన బాడీ లైన్లు ఒక్కోటి విడివిడిగా బయటి కోడ్‌లా నడుస్తాయి. వాటికి కావలసిన వేరియబుల్స్ అక్కడ ఉండవు, కాబట్టి వరసగా "నాట్ ఫౌండ్" ఎర్రర్లు, చివర్లో "అన్‌ఎక్స్‌పెక్టెడ్" మూసే ఫ్లవర్ బ్రాకెట్. జనం ఆ ఆఖరి ఎర్రర్ చూసి బ్రాకెట్లు లెక్కపెడుతూ కూర్చుంటారు. వాటిని వదిలేసి పైకి స్క్రోల్ చేయండి, మొదటి ఎర్రర్ ఒక్కటే నిజమైనది. "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఇన్‌పుట్" వస్తే మాత్రం సాధారణంగా నిజంగానే ఎక్కడో బ్రాకెట్ మూయలేదు, అది చూపించే లైన్ నంబర్ ఫైల్ చివరిది, తప్పు జరిగిన చోటు కాదు.

మూడో ప్రశ్నకి వస్తాను. కన్సోల్‌లో > బదులు + కనిపిస్తోందంటే అది కూడిక కాదు, "ఇంకా అవ్వలేదు, చెప్పండి" అని ఆర్ ఎదురుచూస్తోందని అర్థం. మూయని బ్రాకెట్ గానీ, మూయని కోట్ గానీ, లైన్ చివర మిగిలిపోయిన ప్లస్, పైప్ గానీ కారణం. ఆ స్థితిలో మీరు ఎన్ని కొత్త కమాండ్లు కొట్టినా అన్నీ ఆ పాత వాక్యానికే అతుక్కుంటాయి. ఆర్‌స్టూడియోలో (ఆర్ కోడ్ రాసే ఎడిటర్) ఎస్కేప్, టెర్మినల్‌లో కంట్రోల్ సి కొట్టి బయటపడి మొదటినుంచి రన్ చేయండి. మూయని కోట్ అన్నిటికంటే మొండిది, ఎందుకంటే కోట్ లోపల ఎంటర్ కూడా ఒక అక్షరమే, ఇంకో కోట్ కనిపించేదాకా మీ కోడ్ అంతటినీ టెక్స్ట్‌గా మింగేస్తుంది. ఎడిటర్‌లో ఒక చోటు నుంచి కింద అంతా ఒకే రంగులోకి మారిపోయిందంటే ఆ రంగు మొదలైన చోట చూడండి. పొడవాటి మెసేజ్‌ని కోట్ల మధ్యలో ఎంటర్ కొట్టి రెండు లైన్లు చేయడం కూడా మంచిది కాదు, ఆ ఎంటరూ, కింది లైన్ ముందున్న ఖాళీలూ మెసేజ్‌లో భాగమైపోతాయి. రెండు ముక్కలుగా రాసి పేస్ట్0తో కలపండి.

మీ విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కన్సోల్‌లో ఒక లైన్ పొడవుకి దాదాపు 4095 బైట్ల పరిమితి ఉందని ఆర్ పరిచయ మాన్యువల్ చెబుతుంది, అక్షరాలు కాదు, బైట్లు. అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం ఒక్క బైట్, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ మూడేసి బైట్లు. "మం" అంటే మనకి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు బైట్లు. అందుకే ఇంగ్లిష్ పేర్లతో ఇబ్బంది లేని లైన్ తెలుగు పేర్లతో హద్దు దాటుతుంది, లైన్ పూర్తిగా చేరకపోతే కోట్ గానీ బ్రాకెట్ గానీ మూతపడదు, మీరు ప్లస్ దగ్గర ఇరుక్కుంటారు. ప్రతి నాలుగైదు పేర్లకీ కామా తర్వాత ఎంటర్ కొట్టండి, బ్రాకెట్ లోపల కాబట్టి ఏ నష్టం లేదు. ఇంకా మంచిది, పేర్లన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్‌లో పెట్టి చదివించుకోవడం. కామా పై లైన్ చివర ఉన్నా కింది లైన్ మొదట్లో ఉన్నా ఒకటే, కాకపోతే ఆఖరి పేరు తర్వాత కామా మిగిలితే ఆర్గ్యుమెంట్ ఖాళీగా ఉందని ఎర్రర్ వస్తుంది, రెండు పేర్ల మధ్య కామా మర్చిపోతే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్ట్రింగ్ కాన్‌స్టంట్" వస్తుంది.

పేస్ట్ చేసే కోడ్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడండి. పీడీఎఫ్ నోట్సుల్లో కన్సోల్ అవుట్‌పుట్‌ని ఉన్నదున్నట్టు పెడతారు, దాంట్లో లైన్ల ముందున్న > తో సహా కాపీ చేస్తే ఎర్రర్ వస్తుంది, అది ఫరవాలేదు. ముందున్న + తో సహా కాపీ చేస్తే కొన్నిసార్లు అది నిజమైన ప్లస్ అయి లెక్కలోకి దూరిపోతుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన కోడ్‌లో పొడవాటి కామెంట్ రెండు లైన్లుగా విరిగి ఉంటే, హ్యాష్ మొదటి లైన్‌కే ఉంటుంది, రెండో ముక్క కోడ్ అయిపోయి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ సింబల్" ఇస్తుంది. వంకర కోట్లు, కంటికి కనపడని ప్రత్యేక ఖాళీలు ఉంటే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌పుట్". కామెంట్ గురించి ఇంకోటి: లైన్ చివర కామెంట్ రాస్తే ప్లస్ గానీ పైప్ గానీ హ్యాష్‌కి ముందే ఉండాలి, హ్యాష్ తర్వాత పడితే అది కామెంట్‌లో కలిసిపోయి వాక్యం అక్కడే ముగుస్తుంది.

చప్పుడు చేయని తప్పుల్ని పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చెబుతాను. ఫంక్షన్ పేరు కొట్టి ఎంటర్ చేస్తే మీరు టైప్ చేసిన టెక్స్టే తిరిగి చూపిస్తుంది, మీ ఖాళీలతో సహా, దాన్ని చూసి ఏమీ తెలియదు. ఆర్ దాన్ని ఎలా అర్థం చేసుకుందో చూడాలంటే లెంగ్త్(బాడీ(నికర_ఆదాయం)) అని అడగండి. ఫ్లవర్ బ్రాకెట్‌కి ఒకటి, ఒక్కో వాక్యానికి ఒకటి చొప్పున లెక్క వస్తుంది. మీ ఫంక్షన్‌లో ఉండాల్సింది రెండు వాక్యాలు, కాబట్టి 3 రావాలి, మీకు 4 వస్తుంది. ఏ వాక్యం ఎక్కడ తెగిందో చూడాలంటే యాజ్.లిస్ట్(బాడీ(నికర_ఆదాయం)), ఒక్కో వాక్యం విడివిడిగా నంబర్‌తో కనిపిస్తుంది, ఖర్చుల లైన్ ఒంటరిగా నిలబడి ఉండడం మీకే కనిపిస్తుంది. ఇంతకంటే తేలికది, ఆర్‌స్టూడియోలో ఫంక్షన్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ ఐ కొట్టడం. కొనసాగింపు లైన్లు లోపలికే ఉంటాయి, కొత్త వాక్యాలు ఎడమకి జరిగి పైదానితో సమానంగా నిలబడతాయి. మీ మైనస్ లైన్ ఎడమకి జరిగిందంటే తప్పు దొరికినట్టే.

ఫైల్ మొత్తాన్ని నడిపే పద్ధతిలో కూడా తేడా ఉంది. ఆర్ లోపలి నుంచి సోర్స్ ఫంక్షన్‌తో నడిపితే ముందు ఫైల్ మొత్తం చదివి, సింటాక్స్ తప్పుంటే ఒక్క లైన్ కూడా నడపదు. టెర్మినల్ నుంచి ఆర్‌స్క్రిప్ట్‌తో నడిపితే వాక్యం తర్వాత వాక్యం నడుపుకుంటూ వెళ్లి తప్పు దగ్గర ఆగుతుంది, అప్పటికి పై కోడ్ ఫైల్స్ మీద రాసేసి ఉండొచ్చు. నడపకుండా ఒట్టి చెక్ చేయాలంటే పార్స్ ఫంక్షన్‌కి ఫైల్ పేరు ఇస్తే చాలు.

చివరిగా, మీ ఫంక్షన్ నేనైతే ఇలా రాస్తాను, పొడవాటి లైన్‌ని ఎక్కడ విరవాలా అనే ప్రశ్నే రాకుండా:

నికర_ఆదాయం <- ఫంక్షన్(దిగుబడి, ధర, గడ్డి,
                      విత్తనాలు, ఎరువులు, కూలీ) {
  ఆదాయం <- దిగుబడి * ధర + గడ్డి
  ఖర్చు <- విత్తనాలు + ఎరువులు + కూలీ
  ఆదాయం - ఖర్చు
}

రేపు కౌలు, ట్రాక్టర్ కిరాయి, నీటి ఖర్చు కలపాల్సి వచ్చినా ఖర్చు లైన్‌లోనే కలుస్తాయి, పొడవైతే లైన్‌ని ప్లస్‌తో ముగించి కిందికి వెళ్లండి. ఫంక్షన్ కింద ఒక చెక్ కూడా పెట్టండి, మీరు చేత్తో వేసిన లెక్కతోనే:

స్టాప్‌ఇఫ్‌నాట్(నికర_ఆదాయం(25, 2300, 3000, 1500, 6000, 18000) == 35000)

ఇది సరిగ్గా ఉంటే ఏమీ మాట్లాడదు. మీతో పనిచేసే ఎవరైనా లైన్లు అందంగా సర్దుతూ ఒక గుర్తుని కిందికి జార్చితే, 60500 వచ్చిన ఆ క్షణమే స్క్రిప్ట్‌ని ఆపేస్తుంది.